దంచేదెవరు?

ఓబులయ్య సారును ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకునేవారు. జవాబు రాదనీ, కథ వస్తుందనీ మాకు అప్పుడే తెలిసిపోయేది. నలభై ఏళ్లు నేలల శాస్త్రం చెప్పిన మనిషి, ఏదో ఒక సూత్రం చెప్పి పంపేయొచ్చు కదా? పంపేవారు కాదు. అనంతపురంలో ఆయన ఇంటి వసారాలో ఆదివారం పొద్దున్నే చేరి, బొరుగులు నములుతూ విన్న ఆ మాటల కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడు మాత్రం, నిజం ఒప్పుకోవాలి, ఈయన సూటిగా చెప్పరేం అని లోలోపల విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

అలాంటి ఒక ఆదివారం అరుంధతి వచ్చింది. సారు దగ్గర పరిశోధన చేసిన ఆఖరి విద్యార్థిని ఆమె. నీళ్లు, పంటలు, మార్కెట్టు, సమాజం అంటూ నాలుగు శాస్త్రాల వాళ్లు రెండేళ్లపాటు కలిసి పనిచేసిన బృందానికి పెద్ద. వేరుశనగను, అదే మా చెనిక్కాయను, నమ్ముకుని, బోర్లు వేసి వేసి అలసిపోయిన ఐదు పల్లెలు మళ్లీ చిరుధాన్యాలకు మళ్లాలా వద్దా అన్నది వాళ్ల నివేదిక మీదే ఆధారపడి ఉంది. మర్నాడు దాన్ని పైకి పంపాలి. పంపితే ముంగారు తొలి వానలకు ఐదు ఊళ్లూ కొర్ర విత్తుతాయి. ఎక్కడైనా పొరపాటు ఉంటే పోయేది వాళ్ల ఏడాది, వీళ్లది కాదు.

"సార్, అన్ని వైపుల నుంచీ చూశాం. ఒకరు రాసింది ఇంకొకరు చదివి దిద్దాం. అయినా నాకు భయంగానే ఉంది. ఇంకా ఏం మిగిలిందంటారు?" అని అడిగింది.

సారు కళ్లద్దాలు తీశారు.

ముప్పై ఐదేళ్ల కిందటి మాట. సారుకు అప్పటికి జుట్టు నల్లగానే ఉంది, నోరు కాస్త ఎక్కువగానే ఉంది. ఈ మాట ఆయనే అన్నారు. బోడిగానిపల్లె అనే ఊరికి నలుగురు కలిసి ఒక డొక్కు జీపులో వెళ్లేవారు. ఈయన మట్టి చూసేవారు. ఒకాయనది నీళ్లు, ఒకాయనది మార్కెట్టు. నాలుగో మనిషి సుదర్శనం గారిది సమాజశాస్త్రం. జీపు ఆగిపోతే నలుగురూ దిగి తోసేవాళ్లు, తోస్తూనే వాదించుకునేవాళ్లు. "అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ పనిచేయలేదమ్మా" అన్నారు సారు వీధి వైపు చూస్తూ. ఆ నలుగురిలో ఈ ఆదివారం నాటికి మిగిలింది ఆయనొక్కరే.

ఏడాది తిరిగాక నలుగురూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఎర్రనేల, అరకొర వాన, అడుగంటిన బావులు. వీటికి చెనిక్కాయ కాదు, కొర్రే తగిన పంట. రైతు తిమ్మప్ప ఇంటి ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి ఆ సంగతి చెబితే ముసలివాళ్లు మురిసిపోయారు. చిన్నప్పుడు ఏ చేలో ఏం పండేదో ఒక పెద్దాయన వరసగా చెప్పుకుపోతుంటే ఆపడం ఎవరి తరమూ కాలేదట. తిమ్మప్ప భార్య సంజమ్మ ఆ మధ్యాహ్నం కొర్రన్నం, గోంగూర పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. సుదర్శనం గారు సిగ్గు పక్కన పెట్టి మూడుసార్లు వడ్డించుకున్నారు.

చేతులు కడుక్కోవడానికి సారు పెరట్లోకి వెళ్లారు. సంజమ్మ రోలు పక్కన కూర్చుని అరచేతులకు నూనె రాసుకుంటోంది. చేతుల నిండా బొబ్బలు. ఇదేమిటమ్మా అని అడిగితే నవ్వింది.

"ఐదారు మందికి కూడు వండల్లంటే పొద్దున లేసిన కాడ్నించీ దంచల్ల సామీ. ఊరికే ఊడొస్తాదా పొట్టు? మా అత్త ఉన్నెప్పుడు ఆమె, మా తోడికోడలు, నేను, ముగ్గురం ఒక రోట్లోనే పోట్లు ఏస్తాంటిమి. పాట పాడతాంటే నొప్పే తెలిసేది కాదు. ఇప్పుడు అత్త లేదు, తోడికోడలు వేరు పోయింది. నేనొక్కదాన్నే." నూనె గిన్నె పక్కన పెట్టి అడిగింది. "మళ్లా కొర్రలంటున్నారు. బాగనే ఉండాది. దంచేదెవురు?"

మర పట్టించరాదా అన్నారు సారు. వడ్ల మరలో పోస్తే కొర్రలు నుగ్గయిపోతాయని చెప్పింది.

ఆ ప్రశ్నను పట్టుకుని సారు బయటికి వచ్చారు. తాను మట్టి చూసేవాడు, ఇది ఆడవాళ్ల పని సంగతి, కాబట్టి సుదర్శనానిది అనుకుని ఆయన చెవిన వేశారు. ఇది యంత్రాల సంగతి కదయ్యా అన్నారు సుదర్శనం గారు. ముందు పంట పండనీ, మర దానంతట అదే వస్తుందన్నారు మార్కెట్టు ఆయన. నీళ్లాయన అప్పటికే జీపెక్కి హారన్ కొడుతున్నారు. నలుగురూ మంచివాళ్లే. పక్కవాడి విద్య మీద ఉన్న గౌరవంతోనే ఎవరికి వాళ్లు ఆ ప్రశ్నను పక్కవాడికి వదిలేశారు.

ఊరు కొర్ర విత్తింది. బ్రహ్మాండంగా పండింది. కంకులు పట్టుకుని నలుగురూ ఫొటో కూడా దిగారు. మరుసటి ఏడు వానలు పడ్డాక సారు వెళ్లి చూస్తే చేలన్నీ మళ్లీ చెనిక్కాయే. తిమ్మప్ప ఇంట్లో కొర్ర మూటలు విప్పనైనా విప్పకుండా పురుగు పట్టి ఉన్నాయి. పొయ్యి మీద రేషన్ బియ్యం ఉడుకుతోంది. ఎందుకిట్లా అయిందని అడిగితే మగవాళ్లు తలో కారణం చెప్పారు. సంజమ్మ మాత్రం చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత ఊళ్లో ఇంకా బోర్లు పడ్డాయి. కొన్నేళ్లకు అక్కడ కొర్ర విత్తనం పిడికెడు కావాలన్నా దొరకలేదు.

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడానికి బొరుగుల పళ్లెం మీదికి వంగాను.

అరుంధతే ముందు తేరుకుంది. "ఇప్పుడు కొర్రల పొట్టు తీసే మరలు వచ్చాయి కదా సార్. మేం అది రాశాం" అంది.

"మంచి పని చేశారు" అన్నారు సారు. "ఆ ఐదు ఊళ్లలో మీకు వండిపెట్టిన వాళ్లను ఏమడిగారు?"

ఆమె సంచిలోంచి నివేదిక తీసింది. పేజీలు తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. చాలాసేపటికి దాన్ని మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది రేపు వెళ్లదు సార్" అంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "మీ నివేదికలో సంజమ్మ పేరు ఎక్కడైనా రాశారా?"

"రాశాం. చివరి పేజీలో, కృతజ్ఞతల్లో" అన్నారు ఓబులయ్య సారు. "భోజనం చాలా బాగుందని."