పేరిశెట్టి ఆడిన ఒక్క అబద్ధం

మీ తాతకు తాత ఇంకా పుట్టని కాలం మాట ఇది. సముద్రం ఒడ్డున నల్లరేవు అనే ఊరుండేది. ఆ నేలలో వరి పండదు, చెట్టు ఎదగదు. అక్కడ పండేది ఒక్కటే, ఉప్పు.

ఆ ఊళ్ళో పేరయ్య అనే కుర్రవాడు ఉండేవాడు. తండ్రి తుఫానులో పోయాడు. తల్లి ఉప్పుమళ్ళలో కూలికి వెళ్ళేది. ఆ ఉప్పునీటికి ఆమె పాదాలు పగిలి నెత్తురు కారేది. అది చూడలేక పేరయ్య, మీసాలైనా రాకముందే, ఉప్పుగంప నెత్తికెత్తుకున్నాడు. స్నేహితుడు దాలయ్య ఇంకో గంప ఎత్తుకుని తోడొచ్చాడు.

"ఉప్పో, ఉప్పు!" అంటూ ఇద్దరూ ఊరూరా తిరిగారు. పేరయ్య కొలతలో మోసం చేయలేదు. తడి ఉప్పును పొడి ఉప్పని అమ్మలేదు. ఇల్లాళ్ళు అతని కేక కోసమే ఎదురుచూసేవారు. కొన్నాళ్ళకు గంప పోయి ఎద్దు వచ్చింది. ఇంకొన్నాళ్ళకు ఎద్దుల బారు వచ్చింది. పేరయ్య కాస్తా పేరిశెట్టి అయ్యాడు.

అచ్చమ్మను పెళ్ళాడాడు. తిప్పన అనే కొడుకూ, గవరమ్మ అనే కూతురూ పుట్టారు. పేరిశెట్టి ఎంత దూరపు సంత నుంచి వచ్చినా, కాళ్ళు కడుక్కుని మొదట పిల్లల దగ్గరికే వెళ్ళేవాడు. వాళ్ళను చెరో పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. ఆ తరవాతే వ్యాపారం కబుర్లు.

తిప్పన పుట్టేముందు అచ్చమ్మకు నొప్పులు మొదలయ్యాయని సంతకు కబురొస్తే, పేరిశెట్టి ఉప్పురాశి అక్కడే వదిలి పరుగెత్తాడు. ఆ సాయంత్రం వాన కురిసి రాశి అంతా కరిగిపోయింది. తన తల్లి మంచాన పడ్డ ఏడు, ఎండాకాలపు బేరాలన్నీ మానుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. అందరూ తలలు పట్టుకున్నారు. "బేరం మళ్ళీ దొరుకుతుంది" అని మాత్రం అన్నాడు పేరిశెట్టి.

మూడోసారి వచ్చిన కష్టం అన్నిటికన్నా పెద్దది.

కొండ మీది కోటకు ఉప్పు తోలే హక్కు ఇస్తామని రాజుగారు చాటింపు వేయించారు. అమావాస్యనాటికి కొలువులో హాజరైన వర్తకుల్లో ఎవరి సరుకు మేలైనదైతే వారిదే హక్కు. పేరిశెట్టి ఉన్నదంతా పెట్టి ఎద్దులు కొన్నాడు. తెల్లవారితే ప్రయాణం. అప్పుడు గవరమ్మకు జ్వరం తగిలింది. పిల్ల ఒళ్ళు నిప్పులా కాలిపోతోంది. వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసి, పెదవి విరిచాడు.

పొరుగు వర్తకుడు బొమ్మిశెట్టి వాకిట్లో నిలబడి పిలిచాడు. "పేరిశెట్టీ, రావయ్యా! వైద్యుడున్నాడు, తల్లి ఉంది. నువ్వుండి చేసేదేముంది?"

"నా వేలు పట్టుకుని పడుకుంది బొమ్మిశెట్టీ. నేను రాలేను."

బొమ్మిశెట్టి నవ్వి వెళ్ళిపోయాడు. హక్కు అతనికే దక్కింది. గవరమ్మ తండ్రి వేలు వదలకుండానే కన్నుమూసింది. మేపలేక పేరిశెట్టి ఎద్దులన్నిటినీ అయినకాడికి అమ్మేశాడు.

అప్పటికి తిప్పన మూతి మీద నూనూగు మీసాలు. వాడికి దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "చెల్లి ఎలాగూ బతకలేదు. కోట హక్కూ పోయింది. నువ్వు ఇక్కడ కూర్చుని ఏం సాధించావు నాన్నా?" అని అరిచాడు.

పేరిశెట్టి కూతురు పట్టుకున్న వేలిని నిమురుకున్నాడు. మెల్లగా అన్నాడు. "పోయేదే అయినా, నాన్న ఏడీ అని వెతుక్కుంటూ పోకూడదు కదరా."

ఆ మాట తిప్పన చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

పేరిశెట్టి మళ్ళీ గంప ఎత్తుకున్నాడు. నెరిసిన జుట్టుతో, వంగిన నడుముతో మళ్ళీ ఊరూరా తిరిగాడు. ఎద్దుల బారు తిరిగి నిలబడేసరికి అతని రెక్కల్లో సత్తువ అయిపోయింది. వ్యాపారం తిప్పన చేతికి వచ్చింది. తిప్పన చురుకైనవాడు, కష్టపడేవాడు. అయితే వాడి కళ్ళు ఎప్పుడూ కొండ మీది కోట వైపే.

బొమ్మిశెట్టి ముసలివాడై హక్కు వదులుకున్నాడు. రాజుగారు మళ్ళీ చాటింపు వేయించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పేరిశెట్టి కాళ్ళకు నీరు దిగింది. ఊపిరి ఆడడం కష్టమైంది.

తిప్పన ప్రయాణమై మంచం దగ్గరికి వచ్చాడు. తండ్రి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"రెండు రోజులు ఉండరా."

"ఇప్పుడు పోకపోతే హక్కు మళ్ళీ చెయ్యిజారిపోతుంది నాన్నా. తిరిగొచ్చాక నీ పక్కనే ఉంటాను. ఎక్కడికీ కదలను."

పేరిశెట్టి కొడుకు చెయ్యి వదిలాడు.

కోటలో రాజుగారు ఉప్పు చేతిలోకి తీసుకుని చూశారు. తెల్లగా, పొడిగా ఉంది. మెచ్చుకుని హక్కు తిప్పనకే ఇచ్చారు. పేరిశెట్టి కొడుకని విని, శాలువా కప్పుతూ అడిగారు.

"మీ తండ్రి రాలేదేం?"

"ఒంట్లో బాగాలేదు ప్రభూ. మంచం మీద ఉన్నాడు."

"మరి నువ్విక్కడికి ఎందుకొచ్చావు?"

తిప్పనకు శాలువా భుజాల మీద బండలా బరువెక్కింది. ఎద్దులను మనుషులకు అప్పగించి, దిగుడుదారిలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

ఇల్లు చేరేసరికి వాకిట్లో తాటాకు పందిరి ఉంది. తండ్రి మంచం లేదు. చితికి నిప్పు పెట్టినవాడు దాలయ్య. బూడిద కూడా సముద్రంలో కలిసిపోయింది. తిప్పన శాలువా కప్పుకునే వాకిట్లో కూలబడ్డాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి వింతగా తోచింది.

పెద్దకర్మనాడు ఊరంతా పందిరి కిందికి వచ్చింది. పేరిశెట్టిని తలుచుకుని ఒక్కొక్కరూ మాట్లాడారు.

ముందుగా దాలయ్య లేచాడు. "మేమిద్దరం ఒకేనాడు గంప ఎత్తుకున్నాం. వాడు శెట్టి అయ్యాక కూడా నన్ను ఒరేయ్ అనే పిలిచాడు. నా ఇంట్లో పొయ్యి వెలగని రోజున, పిలవకుండానే బియ్యం తెచ్చి పెట్టాడు." కండువాతో కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

తరవాత కర్ర ఊతంగా బొమ్మిశెట్టి లేచాడు. "ఆనాడు నేను నవ్వాను. హక్కు నాకే వచ్చింది. ఇల్లు నిండింది. కానీ నా భార్య పోయిన రోజున నేను దారిలో ఉన్నాను. కొడుకు పెళ్ళినాడూ దారిలోనే ఉన్నాను. ఇప్పుడు పెద్ద ఇంట్లో ఒక్కణ్ణే తింటున్నాను." తిప్పన వైపు తిరిగి చల్లగా అన్నాడు. "నువ్వు అదృష్టవంతుడివి నాయనా. 'మావాడు వెళ్ళనన్నాడు, నేనే ఒట్టు పెట్టి పంపాను, వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి' అని మీ నాన్న చివరి ఊపిరిలో కూడా మాతో చెప్పాడు."

ఊరు ఎందుకు మౌనంగా ఉందో తిప్పనకు అప్పుడు అర్థమైంది. తాను ఊరుకుంటే సరిపోతుంది. నింద ఎప్పటికీ రాదు. పందిరి కింద అందరి కళ్ళూ అతని మీద జాలిగా ఉన్నాయి.

తిప్పన లేచి నిలబడ్డాడు.

"మా నాన్న నన్ను పంపలేదు" అన్నాడు. "రెండు రోజులు ఉండమని అడిగాడు. నా చెయ్యి కూడా పట్టుకున్నాడు. నేనే వినకుండా వెళ్ళాను."

మగవాళ్ళు తలలు వంచుకున్నారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అచ్చమ్మ మెల్లగా వచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"మీ నాన్న జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే తిప్పనా. అదీ నీకోసమే ఆడాడు. నువ్వు దాని చాటున దాక్కోలేదు. నాకది చాలు."

తిప్పన తల్లి పాదాల మీద పడి ఏడ్చాడు. నిజం చెప్పినందుకు ఊరు అతన్ని దూరం పెట్టలేదు, ఇంకా దగ్గరికి తీసింది. కోట హక్కు అతనికే ఉంది, వ్యాపారమూ పెరిగింది. ఆ తరవాత భార్యాబిడ్డలు పిలిస్తే బేరం మధ్యలోనైనా లేచి వచ్చేవాడు. అయినా ఒక్కోసారి, నలుగురిలో కూర్చుని ఉండగానే, తన అరచేతిని చూసుకుంటూ ఉండిపోయేవాడు. ఉండమని అడిగిన మనిషి మాత్రం మళ్ళీ రాలేదు.

కాబట్టి పిల్లలూ, పోయిన సంపద కష్టపడితే తిరిగి వస్తుంది గానీ, మనవాళ్ళు చెయ్యి చాచి అడిగిన కాలం దాటిపోతే, అది ఎంత సంపాదించినా తిరిగి రాదు.