దాచిన పొద్దు

ఏడుగురు మనుషులు కొండగుడికి నడిచి పోతున్నారు. ఆ గుడి తలుపు ఏడాదికి ఒక్క రోజే తెరుస్తారు. వాళ్ళ ఊరి నుంచి అక్కడికి ముప్పై ఏడు రోజుల నడక. నలభై రోజుల ముందే బయల్దేరారు కాబట్టి దారిలో మూడు పొద్దులు ఆగవచ్చు. ఎక్కడ ఆగాలో చెప్పే మాట దారిపెద్దది. ఈసారి దారిపెద్ద ఓబయ్య.

ఊళ్ళో రెండేళ్ళుగా వాన లేదు. ప్రతి చేలోంచీ పిడికెడు మన్ను తీసి, తెల్లగుడ్డలో మూట కట్టి, ఓబయ్య భుజానికి తగిలించారు. తలుపు తెరిచిన నాడు ఆ మూట గడప మీదికి చేరాలి. పెద్దలు చెప్పింది అంతే.

అతని వెంట చెల్లెలు లక్కమ్మ ఉంది. మంత్రసాని తిమ్మక్క ఉంది. కుమ్మరి మారన్న, అతని భార్య, గొర్రెలు చచ్చిపోయిన కాపర్లు ఇద్దరూ ఉన్నారు.

మొదటి పొద్దు అయిదో నాడే అయిపోయింది. దారి పక్కన మామిడి తోపు, తోపు మధ్య ఊటనీళ్ళు. ఎవరి కాళ్ళూ నొప్పి పుట్టలేదు. అయినా మారన్న "ఈడ ఆగుదామా అన్నా?" అని అడిగాడు. ఓబయ్యకు కాదనాలనిపించలేదు. అందరూ తలస్నానాలు చేసి, కడుపునిండా తిని, చెట్ల కింద పడుకున్నారు. మంచి దారిపెద్ద దొరికాడని కాపర్లు అనుకోవడం అతని చెవిన పడింది. ఆ రోజంతా అతనికి సంతోషంగానే ఉంది.

రెండో పొద్దును ఏరు మింగేసింది. పద్నాలుగో నాడు పెద్ద వాన పడి ఏరు పొంగింది. ఏడుగురూ తాటాకులు నెత్తిన పెట్టుకుని ఒడ్డున తడుస్తూ నిలబడ్డారు. తమ ఊళ్ళో పడని వాన అక్కడ పడుతోంది. మర్నాడు ఏరు దిగింది గాని, ఎవరి ఒంట్లోనూ విశ్రాంతి అన్నది లేదు.

ఆనాటి నుంచి ఓబయ్య మారిపోయాడు. తోపు గుర్తొస్తే తన మీద తనకే కోపం వచ్చేది. మిగిలింది ఒక్కటే పొద్దు. ఎక్కడైనా నీడ కనిపిస్తే ఎవరన్నా ఆగుదామంటారేమోనని అడుగు పెంచేవాడు.

పంతొమ్మిదో నాడు లక్కమ్మ కాల్లో తుమ్మముల్లు దిగింది. ముల్లు తీసేసి, ఆకుపసరు పోసి నడిచింది. మర్నాటికి మడమ మీదే నడుస్తోంది. లక్కమ్మ రాళ్ళపొయ్యి ముందు కూర్చుని అందరికీ సంకటి కెలుకుతున్నప్పుడు తిమ్మక్క ఆ కాలు పట్టుకుని చూసింది.

"చీము పట్టింది ఓబన్నా. కోసి, కట్టు కట్టల్ల. ఒక్క పొద్దు కాలు కదపకుండా పండుకుంటే తగ్గిపోతాది."

"ముందర కనుమ ఉండాది. అది ఎక్కినాక ఆగుదాం."

కనుమ ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. పైన చల్లని గాలి, పచ్చిగడ్డి, ఎవరో ఎప్పుడో కట్టిన రాతి మండపం. ఎవరూ చెప్పకుండానే అందరూ మూటలు దించారు. ఓబయ్య దించలేదు.

"ఇదిగో, కనుమ ఎక్కినాం" అంది తిమ్మక్క.

"దీని తర్వాత నల్లరాతి బయలు. చుక్క నీళ్ళుండవు. ఆడ ఎవరన్నా పడిపోతే అప్పుడేం చేసేది? చేతిలో ఒక్క పొద్దే ఉండాది."

"ఇప్పుడు పడిపోతా ఉండే మనిషి కనపడలేదా నీకు?"

"నా గురించి మీరు మాటలు పెంచుకోవద్దు" అంది లక్కమ్మ. మండపం స్తంభం పట్టుకుని లేచింది. "నేను నడుస్తా."

ఓబయ్యకు ఆ మాటతో ప్రాణం తేలికపడింది. చెల్లెలి ముఖం వైపు చూస్తే ఆ తేలిక పోతుందని తెలుసు. అందుకని దారి వైపు చూశాడు.

బయల్లో మూడో నాడు లక్కమ్మ పడిపోయింది. కాలు పిక్క దాకా నల్లబడింది. బండల మధ్య గొర్రెల కోసం ఎవరో పేర్చిన రాతిగోడ ఉంటే, దాని నీడకు మోసుకుపోయారు. తోలుతిత్తిలో మిగిలిన నీళ్ళు మారన్న భార్య ఆమె నోట్లో పోసింది.

ఓబయ్య గోడ పక్కన నిలబడ్డాడు. ఆగుదాం అనే మాట పెదవుల దాకా వచ్చింది. ఒక్క పొద్దు ఆగినాక కూడా లేవకపోతే? పొద్దూ పోతుంది, మనిషీ నడవదు. ఇంకా పద్నాలుగు రోజుల దారి మిగిలే ఉంటుంది. ఊరి మన్ను ఈ బండల మీదే ఎండిపోతుంది.

"ఒక్క పొద్దుతో లేస్తాదా?" అని అడిగాడు.

"కనుమ మీదయితే లేచేది" అంది తిమ్మక్క. "ఇప్పుడు చెప్పలేను."

"చెప్పలేనప్పుడు ఎట్లా ఆగేది?"

కాపర్లలో పెద్దవాడు చేతికర్ర నేల మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. రెండోవాడూ కూర్చున్నాడు. మారన్న తలపాగా విప్పి లక్కమ్మ ముఖానికి నీడ పట్టాడు.

"మనం ఊరి కోసం బయల్దేరినాం" అన్నాడు ఓబయ్య. "మన కోసం కాదు. ఊళ్ళో పసిబిడ్డలు నీళ్ళ కోసం ఏడుస్తా ఉండారు. నేనన్నా పోవల్ల."

"పో" అంది తిమ్మక్క. ఆ మాటలో కోపం కూడా లేదు.

లక్కమ్మ కళ్ళు తెరిచింది. "అన్నా, మూట జాగర్త" అంది.

ఆ మాట వీపున పడ్డ ఎండలా వెంట వచ్చింది. ఓబయ్య వెనక్కి తిరగకుండా నడిచాడు. బయలు దాటాడు. రెండు వాగులు దాటాడు. ఒంటి మనిషి నడక ఒకే తీరున సాగింది. ఎవరి కోసమూ అడుగు తగ్గించనక్కర్లేదు, ఎవరి సంకటీ ఉడికే దాకా ఆగనక్కర్లేదు. చివరికి కొండ కింద మెట్ల దగ్గరికి చేరేసరికి తలుపు తెరవడానికి ఇంకా ఒక పొద్దు ఉంది.

గుడి మెట్లు ఊడ్చే ముసలమ్మ అతన్ని చూసింది. తలుపు తాళంచెవి ఆమె నడుముకే ఉంది.

"ఒక పొద్దు ముందే వచ్చినావే. ఆ మండపంలో కూర్చో నాయనా."

మండపంలో అప్పటికే పదిమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క స్తంభానికి ఆనుకుని, ఎవరికి వారే కూర్చున్నారు. అందరి భుజాలకూ మూటలున్నాయి. ఓబయ్య పక్కనున్న మనిషి అతని వైపు తిరిగాడు.

"నీవాళ్ళు?"

"వెనక వస్తా ఉండారు" అన్నాడు ఓబయ్య. "నీవాళ్ళు?"

"వెనకే."

అవతలి స్తంభం దగ్గరి మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. ఆ పొద్దంతా ఓబయ్య కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ కాపాడిన పొద్దు ఇదే కదా అనుకున్నాడు. కాళ్ళు మాత్రం నడుస్తున్నట్టే లాగుతూ ఉన్నాయి.

మర్నాడు సూర్యుడు రాగానే ముసలమ్మ తలుపు తెరిచి గడపకు అడ్డంగా నిలబడింది. వచ్చినవాళ్ళను వచ్చినట్టే అడిగింది. ఓబయ్య వంతు వచ్చింది.

"ఎంతమంది బయల్దేరినారు?"

"ఏడుగురం."

"తక్కిన ఆరుగురూ వచ్చినాక రా."

"ఈ పొద్దు దాటితే తలుపు మూస్తారు కదమ్మా!"

"మూస్తాను."

ఓబయ్య మూట తీసి రెండు చేతులా ముందుకు చాపాడు. "నన్ను రానీయొద్దు. దీన్ని ఒక్కదాన్ని గడప మీద పెట్టనీ తల్లీ. ఇది ఊరిది."

"ఊరు యాడుండాది?" అని ముసలమ్మ అతని వెనక్కి తొంగి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

ఆ సాయంత్రం తలుపు మూసింది. మండపంలోని వాళ్ళు కూడా గడప దాటకుండానే ఒక్కొక్కరే లేచి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా దిగిపోయారు. ఓబయ్య దిగలేదు. వెనక్కి పోదామని మూడుసార్లు మెట్లు దిగాడు. ఆ రాతిగోడ దగ్గర ఏం కనిపిస్తుందో అనుకోగానే మూడుసార్లూ కాళ్ళు నిలిచిపోయాయి. ముసలమ్మ ఇంత గంజి పోస్తే తాగి, దారి చూస్తూ కూర్చున్నాడు.

తలుపు మూసిన ఇరవయ్యో నాడు మధ్యాహ్నం దుమ్ములో అయిదుగురు కనిపించారు. గొంగడిని ఉయ్యాలలా వాసానికి కట్టి, ఆ వాసాన్ని భుజాల మీద మోసుకొస్తున్నారు. ఓబయ్య పరుగెత్తాడు. వాసం కిందికి భుజం పెట్టబోయాడు. మారన్న భుజం మార్చలేదు. ఓబయ్య పక్కనే నడుస్తూ గొంగడిలోకి చూశాడు. లక్కమ్మ ముఖానికి పసుపు రాసి ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు.

"నిన్న. కొండ కనపడినాక" అంది తిమ్మక్క. "ఆ గోడ దగ్గర ఎనిమిది పొద్దులున్నాం. కాపర్లు ఎక్కణ్ణుంచో నీళ్ళు మోసుకొచ్చినారు. కాలు కొంచెం తగ్గింది. నాలుగడుగులు నడిచింది కూడా. మళ్ళా జ్వరం వచ్చింది. ఆమె చాలంటే ఆగినాం, పోదామంటే లేచినాం."

మెట్ల మీద వాసం దించారు. ఎవరూ తలుపు గురించి అడగలేదు. మారన్న భార్య కొంగు తడిపి లక్కమ్మ పాదాల దుమ్ము తుడిచింది. ముసలమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఎంతమంది తల్లీ మీరు?"

తిమ్మక్క కాపర్లను చూసింది. మారన్నను, అతని భార్యను చూసింది. గొంగడిని చూసింది. చివరికి ఓబయ్య వైపు చూసింది, చాలాసేపు.

"ఆరుగురం" అంది.

"ఆరుగురూ వచ్చినారా?"

"వచ్చినాం."

ముసలమ్మ నడుము నుంచి తాళంచెవి తీసింది. తెరవాల్సిన రోజు కాకపోయినా తలుపు తెరుచుకుంది.

ఓబయ్య మూటను చాపాడు. తిమ్మక్క దాన్ని అందుకుంది, దారిన పోయే మనిషి చేతి నుంచి అందుకున్నట్టు. గొంగడి వాసాన్ని మళ్ళీ భుజాలకెత్తుకుని, వంగి, గడప దాటి లోపలికి పోయారు.

తలుపు ఎవరూ మూయలేదు. ఓబయ్య బయటే నిలబడ్డాడు.