అటక మీది రాగి

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట ఈ కథ చెప్పేవాళ్లు లేరు. అందుకే నేను చెబుతున్నాను, వినండి.

అనకాపల్లిలో ముత్యాలనాయుడు అని, అడిగినంతవరకే నిజం చెప్పి మిగతాది మింగేసే మనిషి ఒకడు ఉండేవాడు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. పాత తీగను పెరట్లో కాల్చి, మిగిలిన రాగిని గోనెల్లో కట్టించి అటక మీద పెట్టేవాడు.

అతనికీ భార్య కుసుమకూ పొసగలేదు. ఆమె కూతురు లిఖితను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. రెండేళ్ల తరువాత ఇద్దరూ విడాకులకు ఒప్పుకున్నారు. "రాసేది నిజమే అయినప్పుడు వకీలెందుకు?" అన్నాడు నాయుడు. కోర్టులో కాగితాలు ఎవరివి వాళ్లే దాఖలు చేసుకున్నారు. తేలనిది ఒక్కటే. వేసవి సెలవుల్లో పాప తన దగ్గర ఉండాలని నాయుడు కోరిక. పాపకు ఆయాసం ఉంది కాబట్టి ఆ తీగ కాల్చే పొగలోకి పంపనని కుసుమ పట్టు.

కోర్టు గుమస్తా ఆస్తుల ప్రమాణపత్రం చేతికిస్తూ, "నాయుడు గారూ, ఏ గడీ వదలకండి. సంతకం పెడితే ఒట్టు వేసినట్టే" అన్నాడు.

నాయుడు ఇల్లు రాశాడు. బండి రాశాడు. బ్యాంకులో ఉన్నది పైసలతో సహా రాశాడు. చివరి గడిలో "ఇతర ఆస్తులు" అని ఉంది. రాగి చూపిస్తే కుసుమకు ఇవ్వాల్సింది పెరుగుతుంది. 'తుక్కు కూడా ఒక ఆస్తేనా?' అనుకుని, "లేవు" అని రాసి సంతకం పెట్టాడు.

విచారణ రోజున జడ్జి గారు ఆ కాగితం కుసుమకు చూపించి, అంతా సరిగ్గా ఉందా అని అడిగారు.

"మేడమ్, అటక మీద ఏడు గోనెల రాగి ఉండాలి. మసి దులిపి కట్టింది నేనే. రెక్కలొచ్చి ఎగిరిపోయిందేమో, ఆయన్నే అడగండి" అంది కుసుమ.

నాయుడు ముఖం మాడిపోయింది. "అది తుక్కండీ. తుక్కు గురించి ఎవరూ అడగలేదు."

"ఈ గడి అడిగింది కదయ్యా. ఎంత చేస్తుంది?" అన్నారు జడ్జి గారు.

"రెండు... రెండున్నర లక్షలు."

తరువాత పాప సంగతి వచ్చింది. నాయుడు చేతులు జోడించాడు. "పాప వెళ్లిన రోజు నుంచీ ఇంట్లో తీగ కాల్చడం మానేశాను మేడమ్. ఇక ముందూ కాల్చను."

అది అక్షరాలా నిజం. రెండేళ్లుగా అతను పెరట్లో అగ్గిపుల్ల గీయలేదు.

"రుజువేమిటి?"

"రుజువేముందండీ, నా మాటే."

జడ్జి గారు ప్రమాణపత్రం మీద వేలు పెట్టారు. "మీ మాట ఇదిగో, మీ సంతకంతో ఇక్కడ ఉంది. దీన్ని చూశాక ఆయాసం ఉన్న పిల్లను ఎలా పంపమంటారు?"

నాయుడు ప్రమాణపత్రం మళ్లీ రాయాల్సి వచ్చింది. వేసవికి పాపను పంపలేదు. నెలకు రెండు శనివారాలు, కోర్టులోని పిల్లల గదిలో, ఉద్యోగి ఎదుట మాత్రమే చూడవచ్చన్నారు.

మొదటి శనివారం లిఖిత అడిగింది. "నాన్నా, ఇంటి దగ్గర ఇంకా పొగ వస్తోందా?"

"లేదు తల్లీ."

"నిజంగానా?"

ఒట్టు వేయబోయాడు నాయుడు. పాప తల మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి, పిల్లలూ. మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకు చెప్పండి. చెప్పినప్పుడల్లా ఈ నీతి కూడా చెప్పండి: ఒట్టు వేసి ఒక్కటి దాచినవాణ్ణి, తరువాత ఎంత నిజం చెప్పినా నమ్మేవాళ్లుండరు.