పోలయ్య ఒప్పుకున్న ఏడు గూళ్ళు

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఈతచెట్లు రెండు ఉండేవి. ఒకదాని మీద పోలయ్య, రెండోదాని మీద సింగన్న. ఇద్దరూ గిజిగాళ్ళే. ఇరుగుపొరుగు పిట్టలకు గూళ్ళు అల్లి ఇచ్చేవాళ్ళు. ఒకరి పని ఒకరికి నచ్చేది కాదు. చాటుగా చూసి నేర్చుకోవడం మాత్రం ఇద్దరికీ నచ్చేది.

గూడు సగం అల్లాక లోపల తడిమట్టి మెత్తాలి. ఆ బరువుకే అది గాలిలో నిలుస్తుంది. ముక్కుతో కొంచెం కొంచెంగా మట్టి మోసేసరికి చాలా పొద్దు పడుతుంది. అందుకే వానలు వచ్చేలోపు ఒక ముక్కుకి మూడు గూళ్ళే అవుతాయి.

ఒకనాడు ఎర్రమ్మ అనే పిచ్చుక సింగన్న దగ్గరికి వచ్చింది.

"గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి అన్నా. ఒక గూడు అల్లిపెట్టవా?"

"మూడు ఒప్పుకున్నానమ్మా. నాలుగోది నా వల్ల కాదు."

అది పోలయ్య చెవిన పడింది. అతనికి ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ వినబడతాయి, పెళ్ళాం మాట తప్ప.

"ఇటు రా చెల్లీ! ఆ ముసలిముక్కుకి మూడే. నేను ఏడైనా అల్లుతా!"

అప్పటికే అతనికి మూడు ఉన్నాయి. ఎర్రమ్మ వెనకాల ఇంకో ముగ్గురు వచ్చారు. ఎవరినీ కాదనలేదు.

"మట్టి ఏదయ్యా?" అంది పెళ్ళాం గంగులు.

"లోపలి మట్టి బయటికి కనబడుతుందా? వాగులోకి దిగి మట్టి మోసుకొచ్చేలోపు ఇంకో గూడు సగమవుతుంది."

గంగులు ఇంకేదో అంది. అతనికి వినబడలేదని వేరే చెప్పాలా?

ఏడు గూళ్ళూ వేలాడాయి. మర్నాడే గాలివాన కొట్టింది. సింగన్న గూళ్ళు ఊగాయి. పోలయ్య గూళ్ళు బొంగరాల్లా తిరిగాయి. ఖాళీగా ఉన్న గూడొకటి తెగి వాగులో పడింది. ఎర్రమ్మ తన గూటి అంచు పట్టుకుని వేలాడుతోంది.

"అన్నా! రేపో ఎల్లుండో గుడ్లు పెట్టాలి. నేనెక్కడికి పోను?"



"ముందు నా గూట్లోకి రా తల్లీ," అని సింగన్న అరిచాడు.

వాన తగ్గాక సింగన్న పోలయ్య చెట్టు మీదికి వచ్చి వాలాడు.

"నవ్వడానికి వచ్చావా బావా?" అన్నాడు పోలయ్య.

సింగన్న ముక్కు నిండా మట్టి ఉంది. దాన్ని ఎర్రమ్మ గూట్లో మెత్తి, అప్పుడు నోరు తెరిచాడు.

"నిరుడు నేనూ ఐదు ఒప్పుకున్నాను బావా. రెండు కూలాయి. నీకు చెప్పాలంటే సిగ్గేసింది."

మర్నాడు సాయంత్రానికి ఇద్దరూ కలిసి ఆరు గూళ్ళకూ మట్టి మెత్తారు. మూడో రోజున ఎర్రమ్మ తన గూట్లోనే గుడ్లు పెట్టింది.

మరుసటి వానాకాలం నాలుగో పిట్ట వస్తే పోలయ్య ఏమన్నాడో తెలుసా?

"నాకు మూడు నిండాయమ్మా. పక్క చెట్టు మీద సింగన్న బావను అడుగు. నా అంత అందంగా అల్లడు గానీ, గూడు నిలబడుతుంది."

నీతి: చేయగలిగినంతే ఒప్పుకోవాలి; మిగిలిన పనికి పోటీవాడి ఇల్లు చూపిస్తే మన పరువు తగ్గదు.