ఆవకాయ జాడీకి కాపలా

ఎవరైనా ప్రశ్న అడిగితే విరూపాక్షయ్యగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒక తాసిల్దారు చేత మూడు రోజులు చింతపండు గింజలు తీయించారట. ఆత్మ సంగతి తెలిసిందో లేదో గానీ, ఆ తాసిల్దారు తర్వాత ఏటా చింతపండు రోజుల్లో సెలవు పెట్టి మరీ వచ్చేవాడు. సరే, అది వేరే కథ.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి మృణాళిని వచ్చిన ఆదివారం నాటికి ఆమెకు సరైన నిద్రపట్టి వారమైంది. ఆమె, మరో ఐదుగురు కలిసి హైదరాబాదులో వీడియో గేములు తయారుచేస్తారు. మొదటి గేము విడుదలైన మూడో రోజే ఎవరో దొంగ కాపీ తీసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. కొన్నవాళ్లకంటే ఊరికే దించుకున్నవాళ్లే ఎక్కువయ్యారు. రెండో గేముకు నాలుగేళ్లు పట్టింది. ఇదీ అలాగే పోతే ఆఫీసు మూసుకోవడమే. అందుకని దీనికి గట్టి తాళం ఒకటి తయారుచేశారు. కొనుక్కున్నవాడైనా సరే, ఆడాలనుకున్న ప్రతిసారీ నెట్ పెట్టుకుని, పేరు చెప్పి, అనుమతి తీసుకోవాలి. ఆ తాళం వెయ్యాలో వద్దో సాయంత్రంలోగా మృణాళిని తేల్చి చెప్పాలి.

"కొనుక్కోగలిగినవాళ్లు కూడా దొంగ కాపీలే ఎందుకు ఆడతారు గురువుగారూ?" అని అడిగింది.

ఆయన ఆమె చేతిలో మాటిమాటికీ వెలుగుతున్న ఫోను వంక చూశారు. "ఇవాళ ఆవకాయ జాడీ నువ్వు చూసుకో అమ్మా. ఈమధ్య తొందరగా తరుగుతోందని సూరమ్మ గొడవ," అన్నారు.

ఆ ఆశ్రమంలో ఆవకాయ ఎవరూ వడ్డించరు. వంటామె సూరమ్మ జాడీని భోజనాల బంతి మధ్యలో పీట మీద పెట్టి, పక్కన పొడి గరిటె ఉంచుతుంది. కావలసినవాళ్లు లేచి ఎడంచేత్తో వేసుకుంటారు. ఆవకాయకు తడి పనికిరాదు. ఒక్క తడి చెయ్యి తగిలితే జాడీ మొత్తం బూజు పడుతుంది. మళ్లీ మామిడికాయలు దిగేదాకా ముక్క అనేది ఉండదు. ఆ సంగతి తలుచుకుని మృణాళిని ముందే జాగ్రత్తపడింది. జాడీని మోసుకెళ్లి సామాన్ల గదిలో కిటికీ పక్కన పెట్టి, తలుపుకు తాళం వేసింది. ముక్క కావలసినవాళ్లు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గుమ్మం దగ్గర పేరు చెప్పాలి. రెండో ముక్కకైనా అంతే. ఆమే తాళం తీసి, ముక్క తెచ్చి, మళ్లీ తాళం వేస్తుంది.

సగం అన్నంలో లేచి చేతులు కడుక్కున్నవాళ్లు గుమ్మం ముందు వరస కట్టారు. వాళ్లలో రిటైరైన బస్సు కండక్టరు అప్పలస్వామి ఒకడు. "నేను టిక్కెట్టు ఒక్కసారే అడిగేవాణ్ణి తల్లీ. దిగేదాకా ప్రతి స్టాపులోనూ అడగలేదు," అన్నాడు. ఎవరో నవ్వారు. మృణాళిని నవ్వలేదు.

అప్పుడే గదిలో జాడీ మూత టంగుమంది.

ఆమె గబగబా తాళం తీసి లోపలికి పరుగెత్తింది. కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి ఉంది. ఆ చేతిలో పొడుగు కాడ గరిటె, గరిటెలో రెండు ముక్కలు. మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తడి చెయ్యా?" ఆమె నోట ముందు వచ్చిన మాట అదే.

"పొడిదే," అన్నారు బయటినుంచి విరూపాక్షయ్యగారు. ఆయన రెండో చేతిలో అన్నం దొప్ప ఉంది.

ఆమె చెయ్యి వదలడం కూడా మరిచిపోయింది. "అడిగితే ఇచ్చేదాన్ని కదా గురువుగారూ. జాడీ మీదే కదా."

"ఇస్తావు. వరసలో నా ముందు పదకొండు మంది ఉన్నారు. అన్నం చల్లారిపోతోంది."

"మరి ఇన్నాళ్లూ తరుగుతున్నదో?"

"ఇద్దరు ఎత్తుకెళుతున్నారు, నాకు తెలుసు. ఒకడికి ఇంట్లో చేసిపెట్టే దిక్కు లేదు. ఇంకొకడికి అదో సరదా. నువ్వు ఇనపతలుపు పెట్టినా వాడు మానడు."

ఆమె చేతిలో ఫోను మళ్లీ మోగింది. తాళం సంగతి ఏం చేశావని అవతల ఐదుగురూ కనిపెట్టుకుని ఉన్నారు. ఆమె మణికట్టు వదిలింది.

ఆయన గరిటె ఒలకకుండా మెల్లగా వెనక్కి తీసుకుని, ముక్కలు దొప్పలో వేసుకున్నారు.

"నిన్నటిదాకా ఈ జాడీకి ఇద్దరే దొంగలమ్మా," అన్నారు అన్నం కలుపుకుంటూ. "మూడోవాణ్ణి ఇవాళ నువ్వు తయారుచేశావు."