మోచేతి చాటు నోటుబుక్కు

త్రినాథ్‌కి జెమాల్ మీద అనుమానం మూడో వారంలో మొదలైంది. ఆరో నెల వచ్చేసరికి అతని దృష్టిలో అది అనుమానం కాదు, రుజువైపోయిన సంగతి.

టర్కీలోని బుర్సా ఊళ్లో కార్ల అద్దాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగులకి ఇంగ్లీషు చెప్పడం త్రినాథ్ పని. వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా. క్లాసులో ఎనిమిదిమంది. ఏడుగురు తప్పో ఒప్పో ఏదో ఒకటి మాట్లాడతారు. ఎనిమిదోవాడు జెమాల్. యాభై ఏళ్లుంటాయి, పై పెదవి కనపడనివ్వని మీసం. అతను మాత్రం నోరు విప్పడు. క్లాసు మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా తలొంచుకుని నోటుబుక్కులో ఏదో రాస్తూనే ఉంటాడు. త్రినాథ్ పక్కకి వచ్చాడంటే చాలు, మోచెయ్యి అడ్డం పెట్టేస్తాడు.

తన తప్పులే రాస్తున్నాడని త్రినాథ్ తేల్చేశాడు. పైగా ఒకరోజు క్యాంటీన్ మూల జెమాల్ ఆ నోటుబుక్కుని నెర్గిస్ హానుమ్‌కి చూపిస్తుంటే కళ్లారా చూశాడు. హానుమ్ అంటే మనవైపు అమ్మగారు అన్నట్టు. ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. ఆకుపచ్చ పెన్నుతో ఆ పేజీల మీద గీతలు పెడుతోంది. త్రినాథ్ ఒప్పందం నెలాఖరుకి ముగుస్తుంది. దాన్ని పొడిగించడమూ మానడమూ ఆవిడ చేతిలోనే ఉంది. ఇంకా అర్థం కాకపోవడానికి ఏముంది?

అక్కడితో ఆగినా బాగుండేది. టీ మీద కూడా అనుమానం పట్టుకుంది. క్లాసు జరుగుతుండగా టీ మనిషి పళ్లెంతో వస్తాడు. చిన్న గాజు గ్లాసు ఖాళీ చేస్తే నింపుతాడు. మళ్లీ ఖాళీ చేస్తే మళ్లీ నింపుతాడు. వద్దని చెయ్యి ఊపితే నవ్వి పోస్తాడు. పాఠం సాగనివ్వకూడదని అందరూ కలిసి చేయిస్తున్న పనే ఇదని త్రినాథ్ నమ్మకం. మర్యాద కోసం ప్రతి గ్లాసూ తాగేవాడు. ఆఖరి పావుగంట పాఠం ఒంటికాలి మీద నిలబడి చెప్పినట్టుండేది పాపం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్‌లో త్రినాథ్ తన మాస్టారి చేతిలో ఒక కాగితం పెట్టాడు. మాస్టారంటే మొహియుద్దీన్ గారు. కర్నూలు వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ దేశంలోనే ఇంగ్లీషు చెబుతున్నారు. త్రినాథ్‌ని ఈ పనిలో పెట్టిందీ, పాఠం చెప్పడం నేర్పిందీ ఆయనే.

కాగితం నెర్గిస్ హానుమ్‌కి ఇవ్వడానికి రాసిన ఉత్తరం. జెమాల్ వల్ల క్లాసు పాడవుతోందనీ, అతన్ని తీసెయ్యాలనీ దాని సారాంశం. నాలుగింటికి క్లాసు దగ్గర ఇస్తానని ఆవిడకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. రొమేనియాలో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీకి ఈ క్లాసులోంచి ఇద్దర్ని పంపిస్తారు. జెమాల్ అంతకుముందు రెండుసార్లు అడిగితే భాష రాదని ఆపేశారు. ఇప్పుడు క్లాసులోంచి పేరు కొట్టేస్తే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. అది త్రినాథ్‌కి తెలుసు. తెలిసే రాశాడు.

మాస్టారు ఉత్తరం చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశారు. మంచీ చెడూ ఏమీ అనలేదు. ఇంతలో టీ మనిషి వచ్చి త్రినాథ్ గ్లాసు నింపాడు. మాస్టారు తన చెంచా తీసి గ్లాసు మీద అడ్డంగా పెట్టారు. టీ మనిషి తల వంచి ముందుకి వెళ్లిపోయాడు.

త్రినాథ్ నోరు తెరిచాడు. "అదేంటి మాస్టారూ?"

"చెంచా అడ్డం పెడితే ఇంక చాలని."

"ఆర్నెల్ల నుంచీ నాకు ఒక్కరూ చెప్పలేదండీ."

"నువ్వు ఎవురినన్నా అడిగినావా?"

మాస్టారు ఉత్తరం వైపు చూపించి, జెమాల్‌నయినా అడిగావా, ఏం రాస్తున్నావని, అన్నారు. అడిగితే మాత్రం నిజం చెబుతాడా అన్నాడు త్రినాథ్. మాస్టారు మూడింటి క్లాసుకి తనూ వస్తానన్నారు.

త్రినాథ్ మొదట సంబరపడ్డాడు. దొంగని పట్టుకునేటప్పుడు పెద్దమనిషి పక్కనుంటే మంచిదే కదా. మెట్లెక్కుతుంటే మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఉత్తరం చదివి ఈయన ఒక్క మాటా అనలేదెందుకు? ఈయనకి ఇక్కడ అందరూ తెలుసు. జెమాల్‌తో కూడా తనకి తెలియని పరిచయం ఏదో ఉండే ఉంటుంది. క్లాసు గది తలుపు దగ్గరికి వచ్చేసరికి మాస్టారిని కూడా అనుమానితుల్లో చేర్చేశాడు.

లోపల మాస్టారు టర్కీ భాషలో ఏదో చెప్పారు. అందరూ నవ్వారు. నా గురించే అనుకున్నాడు త్రినాథ్. నవ్వనివాడు జెమాల్ ఒక్కడే, అదీ అనుమానంగానే తోచింది.

ముప్పావుగంట పాఠం తనే నడిపాక, మాస్టారు త్రినాథ్‌ని తీసుకెళ్లి జెమాల్ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. "ఈపొద్దు వీళ్లు వాళ్ల భాషలో అడుగుతారు నాయనా. నువ్వు వాళ్ల భాషలో చెప్పాల. అంతే."

పెయింటు సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి అడిగింది. చిన్నప్పుడు ఆదివారాలు మీ అమ్మ ఏం వండేది అని. ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా తెలుసు. సాలూరులో వాళ్లమ్మ ఆదివారాలు కందా బచ్చలి వండేది. కానీ కందని ఇక్కడ ఏమంటారు? బచ్చలినేమంటారు? వండేది అని చెప్పాలంటే చివర ఏం తగిలించాలి? ఎనిమిది మొహాలు అతని వైపే చూస్తున్నాయి. చెవులు వేడెక్కాయి. బజారులో కూరలు కొనేటప్పుడు బాగానే పలికే నాలుగు మాటలు కూడా ఎటో పోయాయి.

ఒక్క నిమిషం అని వేలు చూపించి, పెన్సిలు కోసం జేబులు తడుముకున్నాడు. కాగితం కావాలి. చేతికి తగిలింది ఉత్తరం ఒక్కటే. అచ్చు వేసిన వైపు బల్లకేసి తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. ఒక మాట రాసి కొట్టేశాడు. పైన ఇంకోటి రాశాడు. అదీ బాగాలేదు. ఆకుకూర అని రాస్తే సరిపోతుందేమో. వాక్యం ఒక్కసారి సరిగ్గా కుదిరితే గబుక్కున చెప్పేసి బయటపడొచ్చు. ఆ అమ్మాయి ఇంకా ఎదురుచూస్తోంది. మిగతావాళ్లు వేరే మాటల్లో పడ్డారు. త్రినాథ్ తలెత్తలేదు.

"ఏం రాస్తాండావు నాయనా?" మాస్టారు తెలుగులో అడిగారు. గొంతు మామూలుగానే ఉంది. "మా తప్పులా?"

పెన్సిలు ఆగిపోయింది. త్రినాథ్ కిందకి చూసుకున్నాడు. తన ఎడమ మోచెయ్యి కాగితం చుట్టూ దడి కట్టినట్టు అడ్డంగా ఉంది. ఎప్పుడు పెట్టాడో అతనికే తెలియదు. తెలిశాక తియ్యడానికి కూడా భయమేసింది. కాగితం ఏమాత్రం తిరగబడినా, పక్కనున్న మనిషి అందులో తన పేరు చదువుకుంటాడు.

అప్పుడు జెమాల్ చెయ్యి కదిలింది. తన రబ్బరుని త్రినాథ్ వైపు జరిపాడు. అరిగిపోయి గోరంత మిగిలిన రబ్బరు.

చెయ్యి జరగడంతో నోటుబుక్కు బయటపడింది. పోయిన మంగళవారం త్రినాథ్ అడిగిన ప్రశ్న పేజీ నెత్తిన ఉంది: సెలవురోజు మీరేం చేస్తారు? కింద ఇంగ్లీషులో జెమాల్ జవాబు, నాలుగుసార్లు. మూడు కొట్టేసి ఉన్నాయి. నాలుగోదాని పక్కన ఎవరో ఆకుపచ్చ పెన్నుతో సరిచేసి టిక్కు పెట్టారు. ఆ జవాబు కుదిరేసరికి క్లాసు అయిపోయి ఉంటుంది.

గోడ గడియారం నాలుగు చూపించింది. తలుపు తోసుకుని నెర్గిస్ హానుమ్ వచ్చింది. నాకేదో ఇస్తానన్నారు కదా, అదేనా, అని త్రినాథ్ చేతి కింది కాగితం చూసి ఇంగ్లీషులో అడిగింది. చెయ్యి చాచింది కూడా.

త్రినాథ్ కాగితం ఎత్తలేదు, వదలలేదు. ఇంగ్లీషు చెప్పి బతికేవాడికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకలేదు.

పక్కనుంచి బరువైన గొంతు ఒకటి వినిపించింది. ఆ గది ఆరు నెలల్లో ఎన్నడూ వినని గొంతు.

"ప్లీజ్ వెయిట్, మేడమ్," అన్నాడు జెమాల్. "టీచర్ ఈజ్ రైటింగ్."

అది అతను ఎక్కడా రాసుకున్నది కాదు.

నెర్గిస్ హానుమ్ చెయ్యి వెనక్కి తీసుకుంది. టీ మనిషి పళ్లెంతో లోపలికి వచ్చాడు. త్రినాథ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు. తర్వాత చెంచా తీసి తన గ్లాసు మీద అడ్డంగా పెట్టాడు.