బల్ల మీద అరచేతులు

సిద్రాములు మొహం కందగడ్డ చేసుకుని గురువు ఇంటికి వచ్చాడు. చంకలో డోలక్ ఉంది గానీ, దాన్ని కిందికి దించే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"గురూజీ, రాఖీ పున్నం నాడు నేను వాయించ. ఇంకెవలనన్న చూసుకోండ్రి."

అంబాదాసు గురువు అప్పుడే చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. తాగడం మానలేదు.

షోలాపూర్‌లో మన తెలుగు నేతవాళ్ల పేటలో రాఖీ పున్నమంటే మార్కండేయుడి రథం కదిలే రోజు. అది కదిలేముందు భజన మందిరంలో ఒక్కడే కూర్చుని డోలక్ వాయించే వంతు ఏడాదికొకరికి వస్తుంది. పదకొండేళ్ల సాధన తర్వాత ఈసారి అది సిద్రాములుకి వచ్చింది. అలాంటిదాన్ని వద్దంటున్నాడంటే దెబ్బ గట్టిగానే తగిలిందన్నమాట.

"ఏమైంది?" అన్నాడు గురువు.

"ముంగట కూసునే ముసలోళ్లు లేరా, పాత మిల్లోళ్లు. నిన్న నేను సాధన చేస్తుంటే వేదిక బల్ల మీద చేతులు వెట్టి కండ్లు మూసుకున్నరు. సరే అనుకున్న. నా జోరు వరుస, రెండేండ్లు చచ్చి చెడి కట్టుకున్నది, అది ఎత్తుకున్ననో లేదో ఆరుగురు ఒక్కపారే చేతులు తీసేసిండ్రు. రాజవ్వ అయితే ఆవులించింది గురూజీ! వాళ్లను ఎనుక కూసోవెట్టుమనుండ్రి. లేకుంటే నేను రాను."

గురువు సాసర్ కింద పెట్టాడు. "సాయంత్రం మందిరానికి రా," అన్నాడు. అంతే.

ఆ ముసలివాళ్ల సంగతి పేటలో తెలియనివాళ్లు లేరు. ముప్పై నలభై ఏళ్లు మిల్లులో సాంచాల మధ్య, అంటే కరెంటు మగ్గాల మధ్య నిలబడి పనిచేశారు. వందల సాంచాలు ఒక్కసారిగా ఆడే ఆ షెడ్డులో పక్కమనిషి అరిచినా వినబడదు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి, సాంచా మీద అరచెయ్యి ఆనించి దాని రోగం కనిపెట్టాలి. మిల్లు మూతపడేనాటికి చాలామందికి వినికిడి పోయింది. ఇదంతా సిద్రాములుకీ తెలుసు. డోలక్ ముందు కూర్చున్నాక గుర్తులేదు, పాపం.

సాయంత్రం ఆరుగురూ ఎప్పటి చోట్లలోనే ఉన్నారు. గురువు జేబులోంచి నూనె పట్టించిన దూది ఉండలు రెండు తీసి, సిద్రాములు చెవుల్లో గట్టిగా కుక్కాడు. రాజవ్వ పక్కన కూర్చోబెట్టి, అతని రెండు చేతులూ బల్ల మీద బోర్లించాడు. తర్వాత మెల్లగా వేదిక ఎక్కి డోలక్‌ని ఆ బల్లకే ఆనించుకుని కూర్చున్నాడు.

ముందు ఒక్క దెబ్బ. అది సిద్రాములు అరచేతిలోకి వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. మూడోది మోచేతిదాకా పాకింది. పిల్లలకు నేర్పే మొదటి పాఠం అది, తను ఎన్నడో వదిలేసింది. కళ్లు ఎప్పుడు మూసుకున్నాడో అతనికే తెలియదు. ప్రాణం హాయిగా ఉంది.

ఉన్నట్టుండి బల్ల జివ్వుమంది. దెబ్బ మీద దెబ్బ పడి ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అరచేతుల కింద చీమలు పాకుతున్నట్టు ఒకటే చిరాకు. గురువుగారికి ఏమొచ్చిందని ఇట్లా వాయిస్తున్నారు అనుకుంటూ కళ్లు తెరిచాడు.

గురువు వేళ్ల వంక చూశాడు. అది తన జోరు వరుసే. ఒక్క దెబ్బా తప్పలేదు.

పక్కకు చూశాడు. ముసలివాళ్ల చేతులు ఒళ్లో ఉన్నాయి. తన చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

గురువు వాయించడం ఆపి, దూది తీసెయ్యమని సైగ చేశాడు.

"ఇప్పుడు చెప్పు. వీళ్లను ఎనుకకు పంపాల్నా?"

సిద్రాములు సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత వేదిక ఎక్కి డోలక్ అందుకున్నాడు. రాజవ్వ వైపు తిరిగి, ఆమె పెదాలు చూసి పట్టుకునేలా ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"అవ్వా, యాడికెల్లి మొదలువెట్టాలె?"

రాజవ్వ బల్ల మీద చేతులు ఆనించింది. చెవిటివాళ్ల గొంతు కదా, మందిరమంతా వినబడేలా అంది.

"మెల్లగ రా కొడుకా. మేం ఈడనే ఉన్నం."